ఎన్‌ఆర్‌ఎఫ్24తో లైవ్ వీడియోనా? ముందు లెక్క వేయండి బాబూ

ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, ఒక ఓవీ7670 కెమెరా, రెండు ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 రేడియో మాడ్యూళ్ళు. వీటితో "వైర్‌లెస్ లైవ్ వీడియో సర్వైలెన్స్ రోబో" అని మేజర్ ప్రాజెక్ట్‌కి టైటిల్ పెట్టేస్తారు. వైవాకి వారం ముందు "సార్, స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు, కోడ్ ఉంటే పంపండి" అంటారు. తప్పు కోడ్‌లో లేదు, టైటిల్‌లోనే ఉంది.

"రేడియోకి 2 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 2 మెగాబిట్లు అని రాసుంది కదా?" రాసుంది. అది సీటీసీ. చేతికొచ్చే జీతం వేరు. ఒక ప్యాకెట్‌లో పట్టేది 32 బైట్లే. దానికి ప్రియాంబుల్ (ప్యాకెట్ మొదలని చెప్పే బైట్), 5 బైట్ల అడ్రస్, కంట్రోల్ బిట్లు, తప్పులు పట్టే సీఆర్‌సీ తగిలిస్తే 329 బిట్లు, అంటే గాల్లో 165 మైక్రోసెకన్లు. ఊనో నుంచి రేడియోకి ఎస్‌పీఐ వైర్ల మీద డేటా ఎక్కించడానికి ఎంత తక్కువన్నా 33. రేడియో ట్రాన్స్‌మిట్‌లోకి మారడానికి 130. అక్నాలెడ్జ్‌మెంట్ ("అందింది" అనే జవాబు) కోసం అటు తిరగడానికి మళ్ళీ 130, అది రావడానికి 37. కలిపితే సుమారు 500 మైక్రోసెకన్లు. సెకనుకి 2000 ప్యాకెట్లు, 64 కిలోబైట్లు. అదీ ఒక్క ప్యాకెట్టూ పోకుండా, ఊనో వేరే పనేదీ పెట్టుకోకుండా ఉంటే.

ఇక బొమ్మ సంగతి. 320×240 సైజు, ఆర్‌జీబీ565లో (పిక్సెల్‌కి 2 బైట్ల రంగు) 1,53,600 బైట్లు. ప్యాకెట్‌కి 2 బైట్లు దాని వరస నంబర్‌కే పోతే 5120 ప్యాకెట్లు కావాలి. అంటే రెండున్నర సెకన్లకో ఫ్రేమ్. చెంబుతో చెరువు తోడటమే. 160×120 బ్లాక్ అండ్ వైట్‌కి దిగితే 19,200 బైట్లు, 640 ప్యాకెట్లు, సెకనుకి మహా అయితే 3 ఫ్రేములు.

అది కూడా ఊనో మీద తేలిగ్గా రాదు. దాని ర్యామ్ 2 కిలోబైట్లు, ఫ్రేమ్ దాచుకునే చోటే లేదు. కెమెరానేమో ఎవరి కోసమూ ఆగదు. కెమెరా 0x11 రిజిస్టర్‌లో (సెట్టింగ్ రాసే చోటు) పిక్సెల్ క్లాక్, అంటే పిక్సెళ్ళు వదిలే వేగం, తగ్గించుకోవాలి, అప్పుడు కదిలే వస్తువులు పక్కకి వాలిపోయి కనిపిస్తాయి. లేదంటే ఫ్రేమ్ దాచుకునే ఏఎల్422బీ ఫీఫో మెమరీ చిప్ ఉన్న కెమెరా కొనాలి. ఇంకో తమాషా ఏంటంటే, బాగా చలామణీలో ఉన్న కోడ్‌లో కెమెరాకిచ్చే 8 మెగాహెర్ట్జ్ క్లాక్ 11వ పిన్ నుంచి వస్తుంది. రేడియోకి డేటా పంపే ఎంఓఎస్‌ఐ కూడా 11వ పిన్నే! విడివిడిగా రెండూ పనిచేస్తాయి, కలిపితే రెండూ చస్తాయి. క్లాక్‌ని 3వ పిన్‌కి మార్చండి, అక్కడ వీసింక్ (కొత్త ఫ్రేమ్ మొదలైందని కెమెరా చెప్పే సిగ్నల్) ఉంటే దాన్ని ఇంకోచోటికి జరపండి. కెమెరా 3.3 వోల్ట్‌ది కాబట్టి ఆ క్లాక్ లైన్‌కి 1కే, 2కే రెసిస్టర్లతో వోల్టేజ్ డివైడర్ తప్పనిసరి. రేడియో పిన్నులు 5 వోల్ట్‌లు ఓర్చుకుంటాయి, కెమెరావి ఓర్చుకోవు.

రా (కుదించని) పిక్సెళ్ళు పంపేటప్పుడు ఆటో అక్, అంటే రేడియో తనే అక్నాలెడ్జ్‌మెంట్ అడగడం, ఆపేయండి. పోయిన ప్యాకెట్ స్థానంలో పాత ఫ్రేమ్ పిక్సెళ్ళు ఉంచితే ఒక చిన్న గీత పడుతుంది, అంతే. కుదించిన జేపెగ్ పంపితే మాత్రం అక్ ఉండాల్సిందే. మధ్యలో ఒక్క ప్యాకెట్ పోయినా కింది సగమంతా బూడిద రంగు అయిపోతుంది.

యాంటెన్నా ఉన్న పీఏ (పవర్ ఆంప్లిఫైయర్) రేడియో మాడ్యూల్ 115 మిల్లీఆంప్స్ దాకా లాగుతుంది, ఊనో 3.3 పిన్ ఇచ్చేది 50. ఏఎంఎస్1117 3.3 వోల్ట్ రెగ్యులేటర్ పెట్టి, మాడ్యూల్ కాళ్ళ దగ్గరే 10 నుంచి 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. బ్రెడ్‌బోర్డ్ అవతలి చివర వేస్తే వేయనట్టే.

"ఛానల్ 100 పైన పెట్టు, వైఫై గోల ఉండదు" అనే సలహా వినకండి. ఛానల్ 100 అంటే 2500 మెగాహెర్ట్జ్. మన దగ్గర లైసెన్స్ అక్కర్లేనిది 2483.5 వరకే. పక్కింటి వైఫై 11వ ఛానల్ 2473తో ఆగుతుంది కాబట్టి 76 నుంచి 80 మధ్య సర్దుకోండి.

నిజంగా వీడియోనే కావాలంటే ఈఎస్‌పీ32-క్యామ్ అనే కెమెరా బోర్డు కొనండి. దాని ఓవీ2640 కెమెరా తనే జేపెగ్ చేసి ఇస్తుంది, 320×240 ఫ్రేమ్ 6 కిలోబైట్ల దగ్గర తేలుతుంది, వైఫై బోర్డులోనే ఉంది. సన్నటి యూఎస్‌బీ వైరుతో పవర్ ఇస్తే మాత్రం వైఫై ఆన్ కాగానే బ్రౌనౌట్ (వోల్టేజ్ పడిపోయింది) అని రీసెట్ అవుతుంది.

లోరా (దూరం ఎక్కువ, వేగం తక్కువ ఉన్న రేడియో) తో వీడియో అనే వాళ్ళతో నాకు ఓపిక లేదు. ఎస్‌ఎఫ్ (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది) 7, 125 కిలోహెర్ట్జ్‌లో 5.47 కేబీపీఎస్. ఆ 6 కిలోబైట్ల ఫోటోకి హెడర్లు కాకుండానే 9 సెకన్లు. ఎస్‌ఎఫ్12లో రెండున్నర నిమిషాలు దాటుతుంది. అంతరిక్ష కేంద్రం నుంచి హ్యామ్‌లు (హాబీ రేడియో వాళ్ళు) పట్టుకునే ఎస్‌ఎస్‌టీవీ (రేడియోలో నెమ్మదిగా వచ్చే కదలని బొమ్మ) కీ పీడీ120 అనే పద్ధతిలో 2 నిమిషాలు పడుతుంది, దాన్ని వీడియో అని ఎవరూ అనరు. పొలంలో మోటార్ షెడ్ దగ్గర అలికిడైతే ఒక ఫోటో పంపడానికి లోరా బ్రహ్మాండం. ఈఎస్‌పీ32-క్యామ్ పెట్టి, 868 అని రాసున్న లోరా మాడ్యూల్ తీసుకుని 865-867 మెగాహెర్ట్జ్‌లో నడపండి. 915 కోసం ట్యూన్ చేసినది కొనొద్దు, ఆ బ్యాండ్ ఇక్కడ లైసెన్స్ లేకుండా వాడకూడదు.