సవరణ: ఇయాన్ హోమ్ గురించి నేను రాసిన రెండు తప్పులు

బ్రిటిష్ నటుడు ఇయాన్ హోమ్ (1931–2020) మీద ఇంతకుముందు రాసిన వ్యాసంలో, ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ చిత్రానికి ఆయన ఆస్కార్ గెలుచుకున్నారనీ, 1976 తర్వాత మళ్లీ రంగస్థలం ఎక్కలేదనీ రాశాను. రెండూ తప్పే, పాఠకులు మన్నించాలి.

ఆ చిత్రానికి ఆయనకు ఆస్కార్ నామినేషన్ మాత్రమే దక్కింది. ఆ ఏడాది ఉత్తమ సహాయ నటుడి పురస్కారం ‘ఆర్థర్’ చిత్రానికి జాన్ గీల్‌గుడ్‌కు వెళ్లింది. హోమ్ గెలిచింది బ్రిటిష్ సినిమా పురస్కారమైన బాఫ్టా. ఆ చిత్రంలో ఆయన పాత్ర పరుగుల శిక్షకుడు సామ్ ముసాబిని. ఒలింపిక్స్ స్టేడియంలోకి వెళ్లకుండా హోటల్ గదిలోనే ఉండిపోయి, కిటికీలోంచి బ్రిటన్ జెండా పైకి లేవడం చూసి, శిష్యుడు గెలిచాడని గ్రహించి, గడ్డి టోపీని పిడికిలితో చీల్చే ఆ ఘట్టం చూసినవారికి, ఆస్కార్ రాకపోవడం అన్యాయమే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపిస్తుంది.

రెండో తప్పు మరింత పెద్దది. 1976లో యూజీన్ ఓనీల్ నాటకం చేస్తుండగా తీవ్రమైన వేదిక భయం పట్టుకోవడంతో ఆయన చాలా ఏళ్లపాటు నాటకాలకు చాలావరకు దూరంగా ఉన్న మాట నిజమే. కానీ 1993లో హెరాల్డ్ పింటర్ నాటకం ‘మూన్‌లైట్’తో తిరిగి వచ్చారు. 1997లో లండన్ నేషనల్ థియేటర్‌లో, రిచర్డ్ ఐర్ దర్శకత్వంలో, అరవై అయిదేళ్ల వయసులో షేక్‌స్పియర్ నాటకంలో లియర్ రాజుగా నటించి, బ్రిటిష్ రంగస్థల పురస్కారమైన ఒలీవియే అందుకున్నారు. భయాన్ని దాటి వచ్చి అంతటి పాత్రను మోసిన మనిషిని, వేదికను వదిలేసిన నటుడిగా చిత్రించడం నన్ను ఎక్కువగా బాధించింది. పాత వ్యాసంలో ఆ రెండు వాక్యాలనూ మార్చాను.