ముక్కుకు సర్టిఫికెట్ ఉందా?

ముందుగా శుభవార్త. చెన్నైలోని మా తండయార్‌పేట గాలి సంతృప్తికరంగా ఉంది. ఈ మాట నాది కాదు, రోడ్డు మొగలో నిలబెట్టిన ఎలక్ట్రానిక్ బోర్డుది. లేతాకుపచ్చ రంగులో 68 అని అంకె, దాని కింద సంతృప్తికరం అన్న ముక్క తమిళంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. తెలుగులో వేయలేదు గనక మా వీధివాళ్ళకి అర్థమైనట్టు లేదు, ఇంకా తలుపులు మూసుకునే పడుకుంటున్నారు.

బోర్డు వెనక ప్రహరీ, ప్రహరీ వెనక పెట్రోలు ట్యాంకులు. కొన్ని రాత్రుళ్ళు ఆ బోర్డు కింద నిలబడి అగ్గిపుల్ల గీయమంటే నేను గీయను, మీరూ గీయరు. గాలి మాత్రం సంతృప్తికరం.

బోర్డు అబద్ధమాడుతోందని నేననను. పాపం, నేర్పిన పాఠమే అప్పజెబుతోంది. 2015లో దేశమంతటికీ తెచ్చిన ఈ వాయు నాణ్యత సూచీ లెక్కలోకి తీసుకునేవి ఎనిమిది: సన్నధూళి, అంతకన్నా సన్నధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. వెతక్కండి, బెంజీన్ లేదు. పెట్రోలు ట్యాంకు పక్కన గాల్లో కలిసేవేమో బెంజీన్, టోలుయీన్, జైలీన్ ఆవిర్లు. కాసిమేడు చేపల రేవులో నిలబడి, ఈ పూట ఉల్లిపాయల వాసన అదుపులోనే ఉందని దండోరా వేయించినట్టుంది.

బెంజీన్‌కి మన దేశంలో హద్దు లేదనుకునేరు. 2009 నుంచీ ఉంది: ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ హద్దు ఫైల్లో ఉంది, బోర్డు రోడ్డు మీద ఉంది, ఇద్దరికీ ముఖపరిచయం లేదు. అదే 2015లో అమెరికా వాళ్ళు రిఫైనరీల ప్రహరీ పొడుగునా చిన్న గొట్టాలు తగిలించి, రెండేసి వారాల బెంజీన్ లెక్క జనానికి చూపించాలని రూలు పెట్టారు. మనకు పచ్చరంగు బల్బులొచ్చాయి.

ట్యాంకులూ మనలాగే ఊపిరి తీస్తాయి. ఎండకు లోపలి ఆవిరి ఉబ్బి బయటికొస్తుంది, చల్లబడితే గాలిని లోపలికి లాక్కుంటుంది. సరుకు నింపినా, లారీలకు ఎత్తినా, లోపలున్న ఆవిరిని కొత్త సరుకు బయటికి నెడుతుంది. ట్యాంకులో సరుకు మీదే తేలే కప్పులు, ఆవిరిని వెనక్కి పట్టే యంత్రాలు ఉన్నాయి, వాటి సీళ్ళు సరిగ్గా ఉన్నన్నాళ్ళు మేలే. మిగిలినదానికి లెక్కల పుస్తకంలో ఒక పేరుంది, ఆవిరి నష్టం. ఎవరికి నష్టమో గానీ మా అత్త వంటింటికి లాభమే. లీటరు వంద దాటిన సరుకు, రేషన్ కార్డు కూడా అడక్కుండా ఇంటికి చేరుతోంది.

నెల్లూరు నుంచి ఈ వీధికి కోడలిగా వచ్చి నలభై ఏళ్ళయింది మా అత్తకి. ఆవిడ ముక్కు మామూలు ముక్కు కాదు. మంచం మీంచి లేవకుండానే “లారీలు నింపుతున్నార్రా” అంటుంది, “ఇది లారీ కాదు, ట్యాంకే” అంటుంది. రాత్రి రెండింటికి కంపు. గాలి కదలదు, నేల చల్లబడి పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది, వచ్చిందంతా మా గుమ్మాల్లోనే మకాం. ఫిర్యాదు చేస్తే మర్నాడు పన్నెండుకి పావు తక్కువలో ఒక అధికారి వచ్చాడు. అప్పటికి సముద్రపు గాలి డ్యూటీ ఎక్కి మా కంపును వ్యాసర్పాడి వైపు బదిలీ చేసేసింది. జీతం లేకుండా ఇంత నమ్మకంగా పనిచేసే ఉద్యోగిని ఏ ఆఫీసులోనూ చూడలేదు.

“వాసన రావట్లేదే అమ్మా” అన్నాడాయన, ముక్కుకున్న చేతిరుమాలు తియ్యకుండానే.

“రాత్రి వచ్చింది నాయనా.”

“ఏ పరికరంతో కొలిచారు?”

అత్త ముక్కు చూపించింది.

“దానికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉందా?”

“ముక్కుపుడక ఉంది. మా అమ్మ పెట్టింది.”

ఆయన నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. చివరిసారి ఎప్పుడు సరిచూశారన్నాడు. జలుబు చేసినప్పుడు అంది అత్త. గుర్తింపు పొందిన ల్యాబ్ లేకుండా ముక్కు సాక్ష్యం చెల్లదన్నాడు. “అయితే ఆ చేతిరుమాలుకి గుర్తింపుందా?” అని అడిగింది. ఆయన కాఫీ తాగి, బోర్డుకి ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. ఫోటోలో 68 చక్కగా వచ్చింది.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను, ఇక నావల్ల కాదు. బెంజీన్ రక్త క్యాన్సర్ తెస్తుందని వైద్యం ఏనాడో తేల్చేసింది. దాన్ని ఇంత పీల్చినా పరవాలేదనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2013లో ఇదే తండయార్‌పేటలో బోరు కొడితే నీళ్ళతో పాటు చమురు వచ్చింది. అప్పుడూ ముందు కనిపెట్టింది యంత్రం కాదు, నీళ్ళు పట్టుకున్న జనం. ట్యాంకుల కంపెనీ వారూ, ట్యాంకులోంచి ఎన్ని లీటర్లు ఆవిరైందో మీ పుస్తకంలో రాసుకుంటారు కదయ్యా, మీ డబ్బు కాబట్టి! ప్రహరీ ఇవతల బడికెళ్ళే పిల్ల ఎంత పీల్చిందో రాయడానికి చెయ్యి రాదేం? ఆఫీసరు గారూ, సర్టిఫికెట్ ఉన్న యంత్రం మీ దగ్గరే ఉంటుంది. రాత్రి రెండింటికి తీసుకురండి. ఒక్క రాత్రి రండి!

కడలూరులో సిప్‌కాట్ అనే ప్రభుత్వ పారిశ్రామికవాడ పక్క ఊళ్ళవాళ్ళు 2004లోనే విసిగిపోయి, బకెట్లో ప్లాస్టిక్ సంచి అమర్చి, కంపు కొట్టిన క్షణంలోనే గాలి పట్టి ల్యాబ్‌కి పంపారు. ఆ సంగతి చెప్పగానే అత్త పెయింటు బకెట్ ఒకటి కడిగి మేడ మీద బోర్లించింది. సంచి దొరికేలోగా ఊరుకోకుండా, గోడ మీది తెలుగు క్యాలెండర్లో రాహుకాలం పక్కన కంపుకాలం అని ఒక గడి గీసింది. మొన్న శుక్రవారం గడి ఇలా ఉంది: రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. కంపుకాలం రెండు నుంచి నాలుగున్నర. దాని కింద చిన్న అక్షరాలతో, ఆఫీసరు వచ్చింది రాహుకాలంలో.