హాజరు పట్టీలో లేని అబ్బాయి

మా మేనల్లుడు డిగ్రీ ఆఖరి సెమిస్టరులో ఎకనామిక్స్ పరీక్షకు మూడు గంటలూ కూర్చుని, అదనపు కాగితాలు అడిగి మరీ దారంతో కట్టి ఇచ్చి వచ్చినప్పటికీ, మెమోలో ఆ పేపరుకు ఎదురుగా ‘ఆబ్సెంట్’ అని వచ్చింది. పరీక్షల విభాగంలో అడిగితే, కంప్యూటరు అబద్ధమాడదన్నారు.

విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ 15 పనిదినాలలో నివేదిక ఇవ్వాలని 2023 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు చెబుతున్నాయి. (పని జరిగిన దినాలు అని అర్థం కాదు.) విచారణ నాడు మల్కాజిగిరి నుండి బస్సులో వెళ్ళి, కమిటీ గది బయట బల్ల మీద కూర్చున్నాము. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు లోపలికి వెళ్ళాయి, ఖాళీ కప్పులు బయటికి వచ్చాయి. మమ్మల్ని మాత్రం ఎవరూ పిలవలేదు. తరువాత అందిన నిర్ణయంలో ‘ఫిర్యాదుదారు గైర్హాజరైనందున ఫిర్యాదు ముగించడమైనది’ అని ఉంది. భోజనానికి మాత్రం వాడు ఒక్కపూట కూడా గైర్హాజరు కాలేదని మా అక్కయ్య వాంగ్మూలం ఇచ్చింది.

అయితే ఆ కాగితమే అక్కరకు వచ్చింది. మిగిలిన దారులన్నీ మూసుకుపోయిన విద్యార్థి మాత్రమే, నిర్ణయం అందిన 15 రోజులలోగా, అంబుడ్స్‌పర్సన్‌కు (అంటే, కమిటీ నిర్ణయాలపై విద్యార్థుల గోడు వినే అధికారికి) అప్పీలు చేసుకోవాలి. ఆ పదవికి విశ్రాంత వైస్ ఛాన్సలర్‌నో, ప్రొఫెసర్‌నో, మాజీ జిల్లా జడ్జినో నియమిస్తారు. నియమించని 157 విశ్వవిద్యాలయాల పేర్లను యూజీసీ 2024లో బయటపెట్టింది. మాది అందులో లేకపోవడం మా పూర్వజన్మ సుకృతం.

అక్కడ ఉన్నది ఒక విశ్రాంత ప్రొఫెసర్. ఆయన తలెత్తేలోపే మావాడు ‘ప్రెజెంట్ సార్’ అని గది దద్దరిల్లేలా అరిచాడు. ఆయన ఏ వాదనా వినకుండా పరీక్ష గది హాజరు పత్రం తెప్పించి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చదివారు. మావాడి గడిలో సంతకమూ, జవాబు పుస్తకం నంబరూ భేషుగ్గా ఉన్నాయి. రానివాడు పక్క నంబరు అబ్బాయి; పాపం, పరీక్షే రాయని ఆ అబ్బాయి మావాడి మార్కులతో, అంటే 24తో, ఫెయిలయ్యాడు.

మెమో సరిచేయమని ఆయన ఆదేశం రాస్తుండగా మేనల్లుడు గొంతు సవరించుకుని, తన పేపరు మళ్ళీ దిద్దించమని ప్రార్థించాడు. ఫలితాన్ని తారుమారు చేసే నిర్దిష్టమైన అవకతవకనో, వివక్షనో చూపితే తప్ప పునర్మూల్యాంకన అప్పీళ్ళు స్వీకరించరాదని నిబంధన ఉన్నదనీ, అటువంటిది ఏదైనా ఉంటే చెప్పమనీ ఆయన ఎంతో శాంతంగా అడిగారు.

“ఉంది సార్,” అన్నాడు మావాడు. “ఆ పక్కబ్బాయి మార్కులు తెచ్చి నాకు వేస్తున్నారు.”