భుజం నొప్పి అంటే చాలు, "నరం పట్టేసింది" అనే మహానుభావులకు

ఇందాకే ఓ జిమ్ వాట్సాప్ గ్రూపులో చూశా. "అన్నా, బెంచ్ కొడుతుంటే భుజం ముందువైపు సలుపుతోంది" అని ఓ కుర్రాడు అడిగాడు. (బెంచ్ అంటే బెంచ్ ప్రెస్, వెల్లకిలా పడుకుని బార్ అనే బరువు కడ్డీని రొమ్ము మీంచి పైకి నెట్టడం.) ట్రైనర్ గారి జవాబు: "నరం పట్టేసింది తమ్ముడూ, స్ప్రే కొట్టి కానిచ్చెయ్." కింద వరసగా దండాల ఎమోజీలు.

ఏ నరమండీ అది? చూసొచ్చారా? చేతి ఎముక తలకాయని గుంటలో నిలబెట్టేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. మోచేతులు 90 డిగ్రీలు బార్లా పెట్టి, బార్‌ని మెడ దగ్గరికి దించితే భారమంతా భుజం ముందు భాగానికే. మోచేతులు ఒంటికి 45-60 డిగ్రీల్లో ఉంచు, వీపు మీది రెక్క ఎముకలు వెనక్కి, కిందికి బిగించు, బార్ రొమ్ము కింది భాగానికి దించు. ఇది చెప్పడానికి అర నిమిషం. పాపం, ఆ అర నిమిషంలో ఓ రీల్ అయిపోతుంది కదా!

నొప్పి ఉన్నవాడికి మార్గాలే లేవా? బార్ వదిలేసి డంబెల్స్ పట్టు, అరచేతులు ఎదురెదురుగా. నేల మీద పడుకుని ఫ్లోర్ ప్రెస్ చెయ్యి, మోచెయ్యి నేలకి తగిలి ఆగుతుంది, భుజం మరీ వెనక్కి సాగదు. తల మీదికి నెట్టలేకపోతే ల్యాండ్‌మైన్ ప్రెస్: బార్ ఒక కొస మూలకి ఆనించి, రెండో కొస ఏటవాలుగా నెట్టడమే. అప్‌రైట్ రోలో, అంటే నిలబడి బార్‌ని ఒంటి ముందునుంచి గడ్డం వైపు లాగేటప్పుడు, మోచేతులు భుజం ఎత్తు దాటనివ్వకు. పదికి మూడు దాటని నొప్పి, మర్నాటికల్లా సర్దుకునేదైతే ఫర్వాలేదు. దాటిందా, బరువు తగ్గించు. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, సాగే రబ్బరు బ్యాండ్‌ని బయటికి లాగు: 15 సార్ల చొప్పున మూడు సెట్లు, వారానికి మూడు రోజులు. ఫలితానికి నెలలు పడుతుంది, ఒక్క రాత్రి కాదు.

అబ్బే, సోమవారం చెస్ట్ డే! బెంచ్, ఇంక్లైన్, డిప్స్, పెక్ డెక్, అన్నీ రొమ్ము కండలకే. నెట్టే సెట్లు ఎన్నో లాగే సెట్లూ కనీసం అన్ని ఉండాలంటే నవ్వుతారు. వీపు అద్దంలో కనపడదుగా. అన్నట్టు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు తల మీదికెత్తి కాంస్యం తెచ్చింది. ఆవిడ ఫొటో పెట్టిన జిమ్ ఒక్కటి చూపించండి. గోడలనిండా విదేశీ కండలే.

సరే, ట్రైనర్లని వదిలేద్దాం. నా అసలు మంట ఇళ్లలోని బాబాయిల మీద. "జిమ్ మానెయ్, పుత్తూరు కట్టు కట్టించుకో, నెలపాటు చెయ్యి కదపకు." విరిగిందేమీ లేని భుజాన్ని నెలపాటు కట్టిపడేస్తే కీలు బిగుసుకుపోదూ? అందులోనూ షుగర్ ఉన్నవాళ్లకి ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోయే జబ్బు) ముప్పు మామూలువాళ్లకన్నా ఎక్కువ. ఎమ్మారైలో "పార్షియల్ టేర్" (కొద్దిపాటి చిరుగు) అని కనపడగానే ఇంట్లో ఏడుపులొకటి. నొప్పే లేని నడివయసు వాళ్ల భుజాల్లోనూ అలాంటి చిరుగులు దొరుకుతాయండీ!

భయపడాల్సిన లక్షణాలు వేరే ఉన్నాయి. దెబ్బ తగిలాక చెయ్యి పైకి లేవకపోవడం, కీలు జారడం, చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పడం, రాత్రిళ్లు నిద్రే పట్టనివ్వని నొప్పి. అప్పుడు వెళ్లాల్సింది ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి. బాబాయి దగ్గరికి కాదు.