రెండు గ్రాముల ఉంగరం

పోయిన నవంబరులో అమెరికా నుంచి తణుకు వెళ్లినప్పుడు అత్తయ్య నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. అత్తయ్య అంటే సొంత మేనత్త కాదు, మా అమ్మ పిన్ని కోడలు. మూడు నాలుగేళ్లకోసారి ఏ పెళ్లిలోనో కలుస్తాం. బీరువా తీసి, గులాబీ రంగు కాగితం పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది. విప్పితే ఉంగరం. పసిపిల్ల వేలికి తప్ప ఇంకెవరికీ పట్టదు.

"మనవరాలు పుట్టిందన్నావుగా అమ్మాయ్. బారసాలకి ఎలాగూ రాలేం. ఇది దాని వేలికి పెట్టు."

"ఇప్పుడివన్నీ ఎందుకత్తయ్యా?"

"ఎందుకేంటి? మావాడి కొడుకు బారసాలకి నువ్వు పెట్టలేదూ? పుస్తకంలో ఉంది."

పుస్తకం తీసి చూపించింది కూడా. అట్ట ఊడిపోయిన చదివింపుల పుస్తకం, మూలన పసుపు మరక. 2005లో రాసిన పేజీ. పై వరసలో ఎవరిదో నూట పదహార్లు, కింది వరసలో ఇంకెవరిదో స్టీలు డబ్బా, మధ్యలో నా పేరు, ఎదురుగా "ఉంగరం, 2 గ్రా." నాకైతే ఆ ఉంగరం పెట్టిన సంగతే గుర్తు లేదు.

తిరుగు ప్రయాణంలో విమానంలో నిద్రపట్టక లెక్క వేశాను. 2005లో పది గ్రాముల బంగారం ఏడు వేల దగ్గర ఉండేది. అంటే నేను పెట్టింది పధ్నాలుగు వందలు. అప్పటి డాలరు లెక్కలో ముప్ఫై రెండు డాలర్లు. మేం నలుగురం ఒక పూట బయట తింటే అయ్యే ఖర్చు. 2025 ఏప్రిల్‌లో అదే పది గ్రాములు లక్ష దాటింది, నవంబరుకి లక్షా ఇరవై వేల పైన ఉంది. మజూరీ, తరుగు కలిపితే అత్తయ్య నా చేతిలో పెట్టిన పొట్లం పాతిక వేలకి దగ్గర. మావయ్య రిటైరైన స్కూలు టీచరు. నేను సరదాకి పెట్టి మర్చిపోయినదాన్ని ఆ ఇల్లు ఇరవై ఏళ్లు అప్పులా గుర్తుపెట్టుకుంది.

అందుకని ఈ మాట కాస్త గట్టిగానే అంటున్నాను. దూరపు చుట్టాల పిల్లలకి బంగారం పెట్టకండి. సొంత మేనకోడలికి పెట్టుకోండి, తోబుట్టువుల పిల్లలకి పెట్టుకోండి. అక్కడ రాకపోకలుంటాయి, ఈ చేత్తో ఇచ్చింది ఆ చేత్తో ఎప్పుడో సర్దుకుంటుంది. ఐదేళ్లకోసారి కనబడేవాళ్ల దగ్గర అలా సర్దుకోదు. పుస్తకంలో కూర్చుంటుంది. మనం అమెరికా నుంచి వచ్చాం కాబట్టి కాస్త ఘనంగా ఉండాలనుకుంటాం చూడండీ, ఆ ఘనత ఖర్చు తర్వాత కట్టేది వాళ్లు. వెండి కూడా ఇప్పుడు తక్కువేం కాదు. ఉగ్గుగిన్నె, వెండి మొలతాడు పెట్టడం అమ్మమ్మ వాళ్ల వంతు, వాళ్లకే వదిలేద్దాం.

బంగారం వద్దనుకున్నవాళ్లం వెంటనే వస్తువుల మీద పడతాం. అందులోనూ నాకు అనుభవం ఉంది. 2012లో కాకినాడలో వరసకి చెల్లెలైన అమ్మాయికి కొడుకు పుడితే, ఇక్కణ్ణుంచి పాలసీసా వేడి చేసే మిషన్ ఒకటి పంపాను. పిన్ను పట్టదేమోనని అడాప్టర్ కూడా పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను. అడాప్టర్ మార్చేది పిన్నునే, కరెంటుని కాదు. ఇక్కడ 120 వోల్టులు, అక్కడ 230. పెట్టిన రెండు నిమిషాలకే వాసన వచ్చి, బోర్డులో ఫ్యూజు పోయిందట. ఈ సంగతి ఆ అమ్మాయి నాకు చెప్పలేదు. ఫోనులో "చాలా బాగుందక్కా, రోజూ వాడుతున్నాం" అంది. ఏడాదిన్నర తర్వాత వాళ్లింటికి వెళ్తే వంటగదిలో గట్టు మీద కనబడింది. వైరు కత్తిరించేసి, గుంటలో చెంచాలు పెట్టుకున్నారు. రోజూ వాడుతున్నామన్నది నిజమే.

బట్టల విషయంలోనూ ఇంతే. విజయవాడ ఎండలకి ఉన్ని బట్టలు పంపినవాళ్లు నాకు తెలుసు. నెలల పిల్లల సైజు కొంటే పార్సిల్ చేరి, వాళ్లు విప్పేలోపే పొట్టి అయిపోతాయి. మొదటి నెలల్లో పిల్లలు ఎలాగూ పాత మెత్తటి చీర గుడ్డల్లోనే ఉంటారు, అదే మంచిది కూడా. ఏడాది సైజు, ఏడాదిన్నర సైజు కొంటే అందరూ ఇచ్చినవి అయిపోయాక మనవి బయటికొస్తాయి. పైగా పార్సిల్లో పంపితే ఇంకో తలనొప్పి. ఇదివరకు విదేశాల నుంచి బహుమతిగా వచ్చే ఐదు వేల రూపాయల లోపు వస్తువులకి సుంకం ఉండేది కాదు. 2019 డిసెంబరులో అది తీసేశారు. రాఖీలకీ, ప్రాణాలు కాపాడే మందులకీ మాత్రం మినహాయింపు ఉంచారు. అంటే మనం పంపిన గౌనుకి బాలింత ఇంట్లోవాళ్లు సుంకం కట్టి విడిపించుకోవాలి. బహుమతి అంటే ఇదా?

ఇక ఈ దేశంలోనే ఉన్న దూరపు చుట్టాల సంగతి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు సీమంతానికి పిలుస్తూ రిజిస్ట్రీ (తమకి కావాల్సిన వస్తువుల జాబితా) లింకు పంపితే మన పెద్దవాళ్లు "ఏమిటా అడుక్కోవడం" అని నొచ్చుకుంటున్నారు. పెళ్లిళ్లలో మైకు పెట్టి "ఫలానావారు అయిదు వందల పదహార్లు" అని ఊరంతా వినబడేలా చదివించిన మనమా వాళ్లని అనేది? రిజిస్ట్రీలో కనీసం ఏం కావాలో ఉంటుంది. ఇరవై డాలర్ల డైపర్ల పెట్టె ఉంటే అదే కొనండి, ఏ మొహమాటమూ అక్కర్లేదు. కాన్పుకి ముందే వస్తువులు కొనకూడదన్న పట్టింపు ఉంటే పుట్టాకే పంపించండి, లింకు ఎక్కడికీ పోదు.

మన ఇళ్లలో ప్రేమగా ఇచ్చేవి కొన్ని ఇక్కడి తల్లిదండ్రుల్ని ఇరుకున పెడతాయి. ఆవాల దిండు చూడండి. తల గుండ్రంగా వస్తుందని మా అమ్మ కుట్టి ఇచ్చింది. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పసివాళ్లని వెల్లకిలా పడుకోబెట్టాలి, పక్కలో దిండు, దుప్పటి, బొమ్మ ఏవీ ఉండకూడదు అంటుంది. తొట్టి చుట్టూ కట్టే మెత్తల అమ్మకాన్ని 2022లో ఏకంగా చట్టం చేసి ఆపేశారు. ఏడాది నిండేవరకు నాలిక్కి తేనె రాయకూడదు, బొటులిజం అనే జబ్బు భయం. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. మెడలో గొలుసు, నల్లపూసలు వేసి నిద్రపుచ్చితే ఎక్కడైనా పట్టుకుని గొంతుకి బిగుసుకోవచ్చు. ఇవన్నీ ఆ పిల్ల తల్లికి తెలుసు, మన మొహం మీద వద్దనలేదు, అంతే. తీసుకుని అలమరలో పెడుతుంది, మనం చూడటానికి వచ్చినప్పుడల్లా టెన్షన్ పడుతుంది.

ఇక్కడి పిల్లలకైతే నాకు బాగా నచ్చింది 529 ఖాతా. పిల్లల పై చదువుల కోసం తల్లిదండ్రులు తెరుస్తారు, ఎవరైనా అందులో పాతికో యాభయ్యో డాలర్లు వేయొచ్చు. చదివింపులు అన్న మాటకి అసలైన అర్థం దీనికే సరిపోతుందని మా ఆయన జోకు. ఇండియాలో ఉన్నవాళ్లకైతే కవరులో డబ్బు. వెయ్యినూట పదహార్లు చాలు, తిరిగి పెట్టేటప్పుడు ఎవరి నడుమూ విరగదు. (మరీ యాభై వేలు దాటిస్తే ఇంకో తమాషా ఉంది. ఆదాయపు పన్ను లెక్కలో బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, మేనమామలు, బాబాయిల లాంటి దగ్గరివాళ్లే. అమ్మ పిన్ని కోడలు ఆ లెక్కలో బంధువే కాదు, పుచ్చుకున్నవాళ్లు పన్ను కట్టాలి.)

నాకు అందిన బహుమతి ఒకటి చెప్పి ఆపేస్తాను. 1998లో మా అమ్మాయి పుట్టినప్పుడు ఒహాయోలో ఉన్నాం. అమ్మకి వీసా ఆలస్యమైంది. బయట మోకాలి లోతు మంచు. మా మావగారి వైపు ఏదో దూరపు వరసట, అంతకుముందు ఒక్కసారీ చూడని ఒకావిడ గంటన్నర కారు నడుపుకుంటూ వచ్చింది. బూట్లు గుమ్మంలో విప్పి, నేరుగా వంటగదిలోకి వెళ్లి సింకులో గిన్నెలన్నీ తోమింది. తెచ్చిన డబ్బాలు మూత తీసింది. నేతిలో వేయించిన వెల్లుల్లి కారం, బీరకాయ కూర, మిరియాల చారు. బాలింతకి ఏం పెట్టాలో తెలిసిన చెయ్యి. పిల్లని ఎత్తుకుంది, కానీ తిన్నాక "నువ్వు పడుకోవే" అని నన్నే ముందు పంపింది. రెండు గంటలు నిద్రపోయాను. లేచేసరికి గిన్నెలు బోర్లించి ఉన్నాయి, ఆవిడ వెళ్లిపోయింది. పిల్లకి ఏం తెచ్చిందో నాకు జ్ఞాపకం లేదు, బహుశా ఏమీ తేలేదు.

సముద్రం ఇవతలున్నవాళ్లం గిన్నెలు తోమలేం, నిజమే. తణుకులో ఉన్న అత్తయ్య రెండో మనవరాలికి వచ్చే మే నెలలో పురుడు. పుస్తకం ప్రకారం ఆవిడా నేనూ ఇప్పుడు సమానం, కాబట్టి మళ్లీ మొదలుపెట్టాల్సింది నేనే. వెయ్యినూట పదహార్లు, అక్కడే కొనేలా ఏడాది సైజు నూలు చొక్కాలు రెండు, ఆ పిల్లకి తీరికైనప్పుడు ఒక ఫోను. చొక్కాలు కూడా పుట్టాకే కొనిపిస్తాను. ముందే కొంటే మా అమ్మ ఊరుకోదు.