పక్కింటివాడి మేలు కోరి

కంపెనీల విలీనం శుద్ధ పరోపకారమని నా సిద్ధాంతం. కాకపోతే ఆ ఉపకారం పక్కింటివాడికి జరుగుతుంది. అమెరికా కంప్యూటర్ కంపెనీలు హెచ్‌పీ, కాంపాక్‌ల సంగతే చూడండి.

2001 సెప్టెంబరు. వాళ్ళ పోటీదారు డెల్ పీసీల ధరలు కోసి అందరి పొట్టా కొడుతున్న రోజులు. కాంపాక్ 1997లో టాండెమ్, 1998లో డిజిటల్ అనే కంప్యూటర్ కంపెనీల్ని మింగి, అవి అరక్క ఆయాసపడుతోంది. అలాంటివాణ్ణి తాను మింగుతానని హెచ్‌పీ ముందుకొచ్చింది. బేరం సుమారు 2,500 కోట్ల డాలర్లు, అంతా షేర్లలోనే. ప్రకటించిన మర్నాడే హెచ్‌పీ షేరు 18 శాతం దాకా పడింది. మామూలుగా అమ్ముడుపోయే కంపెనీ షేరు పెరగాలి కదా, కాంపాక్‌దీ పడింది. మార్కెట్‌కు పక్షపాతం లేదు.

ఆ పక్కింటివాడు డెల్. వాడికి దమ్మిడీ ఖర్చులేదు. ఇంకో పోటీ కంపెనీ సన్ మైక్రోసిస్టమ్స్ అధిపతి స్కాట్ మెక్‌నీలీ అయితే రెండు చెత్త లారీలు మెల్లగా గుద్దుకుంటున్నాయన్నాడు. (ఆ సన్‌ని తర్వాత ఒరాకిల్ కొనేసిందనుకోండి, అది వేరే లారీ.)

ఇక మదుపరులు. కాంపాక్ షేరు ఒక్కింటికి 0.6325 హెచ్‌పీ షేరు. అంటే వంద షేర్లున్నవాడికి అరవై మూడు, పైన పావు ముక్క. ఇడ్లీ తుంచినట్టు షేరు తుంచారు! హెచ్‌పీ వాళ్ళకు ఇంకో వేడుక. వ్యవస్థాపకుడి కొడుకు వాల్టర్ హ్యూలెట్ డైరెక్టరుగా బోర్డులో సరేనని, వాటాదారుగా బయటికొచ్చి ససేమిరా అన్నాడు. ఇంటింటికీ కంపెనీ తెల్ల ఓటుకార్డులు, వాల్టర్ ఆకుపచ్చ కార్డులు. ఒకే మనిషి పంపిన కార్డుల్లో అన్నిటికంటే తాజా తేదీ ఉన్నదే చెల్లుతుంది కాబట్టి ఇద్దరూ పంపుతూనే ఉన్నారు. పోస్ట్‌మ్యాన్ ఏ పక్షమో ఎవరూ అడగలేదు. 2002 మార్చి 19న ఓటింగు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు 51 శాతం చిల్లరతో విలీనం గట్టెక్కింది.

పదిహేను వేల ఉద్యోగాల కోత ముందే ప్రకటించారు. దాని ముద్దుపేరు సినర్జీ, అంటే కలిస్తే వచ్చే అదనపు లాభం. ఆ కోతలో పై అంతస్తు లేదు గానీ, 2005లో బోర్డు ఈ విలీనం నడిపించిన హెచ్‌పీ అధిపతి కార్లీ ఫియోరినాను సాగనంపింది, సుమారు 2.1 కోట్ల డాలర్లు చేతిలో పెట్టి. ఇంటికి పంపడమంటే అలా పంపాలి.

తర్వాత కొన్నాళ్ళకు పీసీల అమ్మకాల్లో హెచ్‌పీ డెల్‌ని దాటేసింది. ఇది నా సిద్ధాంతానికి ఇబ్బందిగా ఉంది కాబట్టి ఒక్క వాక్యంతో వదిలేస్తున్నాను.

2015లో కంపెనీని రెండు ముక్కలు చేశారు. పీసీలు, ప్రింటర్లు ఒకరికి, సర్వర్లు ఇంకొకరికి. కలిసినప్పుడు పెద్దదైతే బలమన్నారు, విడిపోయినప్పుడు చిన్నదైతే చురుకన్నారు. ఊరు మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదంటారే, ఆ కరణాలు వాల్‌స్ట్రీట్ బ్యాంకుల్లో ఉంటారు. కలిపినందుకు ఒక ఫీజు, విడదీసినందుకు ఇంకో ఫీజు.