మెషీన్ మీద బండ పెట్టొద్దు, ముందు దాని కాళ్లు చూడండి

"వాషింగ్ మెషీన్ ఎగురుతోందా? మెకానిక్‌ను పిలిచి డబ్బులు పోగొట్టుకోకండి" అని మొదలయ్యే మెసేజ్ ఒకటి తిరుపతిలో అపార్ట్‌మెంటు గ్రూపుల్లో చేతులు మారుతోంది. నాకే నాలుగుసార్లు వచ్చింది. అందులో చెప్పినవి ఐదు. మెషీన్ మీద బరువైన బండ పెట్టండి. కాళ్ల కింద గోనెపట్టానో స్పాంజినో మడిచి పెట్టండి. డ్రమ్ము నిండా బట్టలు కుక్కండి, బరువుకు కదలదు. వెనకవైపు బోల్టులు వదులైతే గట్టిగా బిగించండి. ఇన్ని చేసినా ఆగకపోతే బేరింగ్ (డ్రమ్ము ఇరుసు తిరిగే భాగం) పోయినట్టే, కొత్తది కొనుక్కోండి.

పదిహేనేళ్లుగా ఈ ఊళ్లో నేను బాగుచేసేవి ఈ మెషీన్లే. మెకానిక్‌ను పిలవొద్దన్నందుకు నాకు కోపం లేదు. ఎగిరే మెషీన్లలో చాలావాటికి నిజంగానే మెకానిక్ అక్కర్లేదు, ఇంట్లోవాళ్లే సరిచేసుకోవచ్చు. కానీ ఈ మెసేజ్ నమ్మి చేస్తే మంచి మెషీన్ కూడా పాడవుతుంది, మనుషులకు దెబ్బలు తగులుతాయి. అందుకే రాస్తున్నాను.

బండ సంగతి ముందు చెప్తాను. చిత్తూరు వైపు గ్రానైట్ క్వారీలు ఉండబట్టి మన ఇళ్లలో నేల వేయగా మిగిలిన గ్రానైట్ ముక్క ఏ మూలో ఉంటుంది. దాన్ని తెచ్చి మెషీన్ నెత్తిన పెట్టేస్తున్నారు. మెషీన్ బరువు చాలక ఎగరడం లేదు. ఫ్రంట్ లోడ్ మెషీన్ ఖాళీగానే 60, 70 కిలోలు ఉంటుంది. స్పిన్‌లో తడిబట్టలు ఒక పక్కకు చేరితే ఏమవుతుందో లెక్క చూడండి. డ్రమ్ము వ్యాసం 48 సెంటీమీటర్లు, నిమిషానికి 1200 చుట్లు, ఒక పక్క ఒక్క కిలో ఎక్కువ ఉందనుకుందాం. ఆ ఒక్క కిలో డ్రమ్మును బయటికి లాగే బలం దాదాపు 380 కిలోల బరువుతో సమానం. అదీ ఒక దిక్కుకు కాదు, సెకనుకు 20 సార్లు చుట్టూ తిరుగుతూ లాగుతుంది. ఇరవై కిలోల బండ దాన్ని ఏం ఆపుతుంది? అదే స్పిన్ వేగం 600కు తగ్గించండి, ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. బరువైన దుప్పట్లు వేసినప్పుడు చేయాల్సింది ఆ పని.

బరువు అవసరమని తయారుచేసేవాళ్లకూ తెలుసు. అందుకే ఫ్రంట్ లోడ్ మెషీన్ లోపల టబ్బుకే, అంటే డ్రమ్ము చుట్టూ ఉండే తొట్టికే, కాంక్రీటు దిమ్మె బిగిస్తారు. టబ్బు పైన స్ప్రింగులకు వేలాడుతుంది, కింద షాక్ అబ్జార్బర్లు దాని ఊపును పట్టుకుంటాయి. బరువు ఊగేదానికి ఉంటే ఊపు తగ్గుతుంది. బయటి డబ్బా మీద పెడితే పైరేకు సొట్టపోతుంది, అదురుకు బండ కొంచెం కొంచెంగా జరిగి అంచుకు వస్తుంది. ఆ అంచు కింద పాకే పిల్లలు ఉండే ఇళ్లు నేను రోజూ చూస్తుంటాను.

గోనెపట్టా, స్పాంజి మాటలో కొంత నిజం ఉంది. నున్నటి గ్రానైట్ మీద సబ్బునీళ్లు పడితే మెషీన్ కాళ్లు జారతాయి, అక్కడ నాలుగు కాళ్లకూ గట్టి రబ్బరు ప్యాడ్లు పెడితే మేలే. మెత్తటివి మాత్రం నాలుగు మూలలా ఒకే మాదిరి అణగవు. తడిస్తే ఇంకా అణిగి, సరిగ్గా నిలబడిన మెషీన్‌ను కూడా ఒక పక్కకు ఒరిగేలా చేస్తాయి.

అసలు తంటా నేలతో. మన ఇళ్లలో మెషీన్ పెట్టేది వెనకవైపు వాష్ ఏరియాలోనో, బాత్‌రూంలోనో, మిద్దె మీదో. ఆ మూడు చోట్లా నీళ్లు నిలవకూడదని మేస్త్రీ కావాలనే తూము వైపు వాలు ఇస్తాడు. ఆ వాలు మీద మెషీన్ నిలబెట్టి, కాళ్లు సరిచేయకుండా వదిలేస్తాం. పాత ఇళ్లలో ఇంకోటి. కడప బండల నేలలో బండ కింద మట్టి దిగిపోయి డొల్ల పడి ఉంటుంది. మెషీన్ కాలు సరిగ్గా ఆ బండ మీద పడితే మెషీన్‌తోపాటు బండా ఊగుతుంది. గరిటె కాడతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే మెషీన్‌ను పక్కకు జరపాలి, లేదంటే బండ ఎత్తి సిమెంటు వేయించాలి.

మట్టం చూడటం కష్టం కాదు. ప్లగ్ తీసేసి, ఎదురెదురు మూలల మీద చేతులు పెట్టి మార్చి మార్చి నొక్కండి. టకటకమని ఊగితే ఏదో ఒక కాలు నేలకు ఆనలేదని అర్థం. ఆ కాలు మరలాగా ఉంటుంది, స్పానర్‌తో తిప్పితే పొడవవుతుంది, పొట్టవుతుంది. మేస్త్రీల దగ్గర ఉండే రసమట్టం తెచ్చుకుని పైన అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి చూడండి. కాళ్లను వీలైనంత పొట్టిగానే ఉంచండి. చివర్లో కాలికున్న రెండో నట్టును పైకి తిప్పి మెషీన్ అడుగుకు ఆనేలా బిగించాలి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. అది బిగించకపోతే అదురుకు కాలు దానంతటదే తిరిగిపోయి, నెల తిరగకముందే మళ్లీ మొదటికొస్తుంది. చక్రాల స్టాండు మీద పెట్టినవాళ్లు ముందు దాన్ని తీసేయండి.

డ్రమ్ము నిండా కుక్కమన్న మాటకు మూలం ఏంటో నాకు తెలుసు. ఒక్క బరువైన దుప్పటి వేస్తే మెషీన్ ఎగురుతుంది, దానితో ఇంకొన్ని బట్టలు వేస్తే ఎగరదు. అది నిజం. ఒక్క దుప్పటి నీళ్లు తాగి ముద్దయి ఒకే పక్క కూర్చుంటుంది, రెండు తువ్వాళ్లు తోడు వేస్తే అవతలి పక్కకు బరువు దొరుకుతుంది. కుక్కితే మాత్రం బట్టలు లోపల దొర్లవు, మురికి వదలదు, బరువంతా బేరింగుల మీద పడుతుంది. ఫ్రంట్ లోడ్‌లో బట్టల పైన అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉండాలి. సెమీ ఆటోమేటిక్ అయితే స్పిన్ తొట్టిలో బట్టలను చుట్టూ సమంగా సర్ది, పైన ప్లాస్టిక్ మూత అదిమి పెట్టాలి. బ్రహ్మోత్సవాలకు చుట్టాలు వచ్చి వెళ్లాక దుప్పట్లన్నీ ఒకేసారి వేసి నాకు ఫోన్ చేసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

నీళ్లు ఇంకని బట్టలతో ఇంకా జాగ్రత్త. రెయిన్‌కోటు, పసిపిల్లల పక్కకింద వేసే వాటర్‌ప్రూఫ్ షీటు నీళ్లను సంచిలా పట్టి ఉంచి, స్పిన్ మధ్యలో ఒక్కసారిగా వదులుతాయి. 2016 నవంబరులో అమెరికాలో శామ్‌సంగ్ 28 లక్షల టాప్ లోడ్ మెషీన్లను రీకాల్ చేసింది. స్పిన్‌లో విపరీతంగా అదిరి పైభాగం ఊడివస్తోందని. దుప్పట్లు, వాటర్‌ప్రూఫ్ బట్టలు వేసినప్పుడు తక్కువ వేగంలోనే తిప్పమని అప్పుడు వాడేవాళ్లకు చెప్పారు. అలాంటి షీట్లు చేత్తో ఉతికి ఆరేయండి.

ఇక బోల్టులు. మెసేజ్ మొత్తంలో నన్ను కూర్చోనివ్వనిది ఇదే. ఫ్రంట్ లోడ్ మెషీన్ వెనక ఉండే మూడో నాలుగో పొడవాటి బోల్టులు లారీలో వచ్చేటప్పుడు టబ్బు కొట్టుకోకుండా బిగించినవి. వాటిని ట్రాన్సిట్ బోల్టులు అంటారు. మొదటిసారి ఆన్ చేసేలోపు తీసేయాలి. అవి ఉన్నంతసేపు స్ప్రింగులూ లేవు, షాక్ అబ్జార్బర్లూ లేవు, టబ్బూ డబ్బా ఒకే ముద్ద. కొర్లగుంటలో ఒక అక్క కొత్త మెషీన్ కొనింది. తెచ్చినవాళ్లు అట్టపెట్టె విప్పి, పైపు తగిలించి వెళ్లిపోయారు. మొదటి స్పిన్‌కే ఫోన్ వచ్చింది: "అన్నా, అది నడుచుకుంటా వాకిలి దాకా వచ్చేసింది, పైపు పీకేసుకునింది, ఇల్లంతా నీళ్లన్నా." వెళ్లి చూస్తే నాలుగు బోల్టులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. స్పానర్ పెట్టి తీసి, ఆ రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలు పెట్టాను. పది నిమిషాల పని. ఆమె కూడా ఈ మెసేజ్ చదివి వాటిని ఇంకాస్త బిగించి ఉంటే ఆ మెషీన్ ఎన్నాళ్లు బతికేది?

బేరింగ్ పోతే మెషీన్ ముందు ఎగరదు, మొరుగుతుంది. స్పిన్‌లో గరగరమని పెద్ద చప్పుడు వస్తుంది. ప్లగ్ తీసి డ్రమ్మును చేత్తో తిప్పినా ఆ గరగర చేతికి తెలుస్తుంది. డ్రమ్ము అంచు పట్టి పైకెత్తితే లోపల ఆడుతుంది. అవేవీ లేకుండా ఎగురుతుంటే షాక్ అబ్జార్బర్లు చూడండి. టబ్బును చేత్తో కిందికి నొక్కి వదిలితే ఒక్కసారి లేచి నిలిచిపోవాలి. మూడు నాలుగుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్లు, టాప్ లోడ్‌లో అయితే టబ్బును వేలాడదీసే రాడ్లు అరిగాయి. అప్పుడు మెకానిక్‌ను పిలవండి. అవి మార్చే భాగాలు, వాటి కోసం మెషీన్ పారేయనక్కర్లేదు.

ఎగురుతుండగా దాన్ని పట్టుకోవద్దు, దాని మీద కూర్చోవద్దు. గోడ దగ్గరి స్విచ్ ఆపండి. ఆ మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే దాని కిందే బోల్టుల సంగతి ఒక్కటైనా రాయండి, ఆ రోజే ఎవరింట్లోనో కొత్త మెషీన్ దిగి ఉండొచ్చు. తీసిన బోల్టులు పారేయకుండా కవర్లో వేసి బిల్లుతోపాటు దాచుకోండి. ఇల్లు మారేటప్పుడు, చిత్తూరుకైనా పక్క వీధికైనా, బండి ఎక్కించేముందు వాటిని మళ్లీ బిగించాలి.